హాలిడే హోమ్ బుకింగ్ రద్దు: అడ్వాన్స్, డ్యామేజ్ డిపాజిట్ వెనక్కి రాబట్టడం ఎలా?

ప్రశ్న (అడిగినవారి పేరు: ఆరుబయట)

ఐదు రాత్రులకు ఒక హాలిడే హోమ్ బుక్ చేశాం. మధ్యలో ఏ వెబ్‌సైటూ లేదు, ఓనర్‌తోనే నేరుగా. అద్దెలో 30 శాతం అడ్వాన్స్‌గా కార్డు మీద కట్టాం. డ్యామేజ్ డిపాజిట్ వేరుగా బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేశాం. ఇంట్లో పెద్దవారికి ఆపరేషన్ తేదీ ఖరారైంది కాబట్టి ఇక వెళ్లే వీలు లేదు. చెక్-ఇన్‌కు ఇంకా 33 రోజులుంది. బుకింగ్ మెయిల్‌లో ఒకచోట “30 రోజుల ముందు రద్దు చేసుకుంటే పూర్తి వాపసు” అని ఉంది, కిందేమో “డిపాజిట్ వాపసు ఇవ్వబడదు” అని ఉంది. ఓనర్ ఫోన్‌లో “చూద్దాం లెండి” అంటున్నారు. ముందు ఏం చేయాలి? కార్డు బ్యాంకుకు ఇప్పుడే ఫిర్యాదు ఇవ్వొచ్చా?

జవాబు (తాళంచెవి)

మిగతావన్నీ తర్వాత, ముందు ఇవాళే మెయిల్‌లో రద్దు చేయండి. 30 రోజుల గడువు దాటడానికి మీ చేతిలో మూడు రోజులే ఉన్నాయి. “చూద్దాం” అన్న మాటకు ఆ మూడు రోజులూ కరిగిపోతే, ఇప్పుడు మీ వైపున్న షరతే రేపు మీకు అడ్డమవుతుంది.

గడువు లెక్కలోనూ జాగ్రత్త. 30 రోజులంటే చెక్-ఇన్ గంట నుంచా, ఆ రోజు అర్ధరాత్రి నుంచా అన్నది చాలా ఒప్పందాల్లో రాసి ఉండదు. ఇల్లున్న చోటి సమయం మీ సమయం ఒకటి కాకపోతే ఇంకో తేడా వస్తుంది. అందుకే చివరి రోజు దాకా ఆగొద్దు.

మెయిల్‌లో “రద్దు చేద్దామనుకుంటున్నాం, ఏమంటారు?” అని రాయకండి. అది రద్దు కాదు, సలహా అడిగినట్టు. ఇలా రాయండి:

“ఫలానా తేదీల బుకింగ్‌ను (బుకింగ్ నంబర్…) ఈ మెయిల్‌తో రద్దు చేస్తున్నాను. చెక్-ఇన్‌కు ఇంకా 33 రోజులుంది. మీ షరతు ప్రకారం 30 రోజుల ముందు రద్దు చేస్తే పూర్తి వాపసు. కార్డుతో కట్టిన అడ్వాన్స్‌ను అదే కార్డుకు, డ్యామేజ్ డిపాజిట్‌ను నేను పంపిన ఖాతాకు ఫలానా తేదీలోగా పంపండి. ఈ మెయిల్ అందినట్టు తెలియజేయండి.”

వాపసుకు 14 రోజులు ఇస్తే సరిపోతుంది. ఆపరేషన్ సంగతి ఒక్క వాక్యంలో చెప్పండి చాలు. ఎక్కువ చెబితే హక్కుగా రావాల్సిన డబ్బును దయగా అడిగినట్టవుతుంది. అదే మెయిల్‌ను వాట్సాప్‌లోనూ పంపి, చేరినట్టు గుర్తు కనిపించాక తేదీ, గంట పడేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఫోన్‌లో మాట్లాడాల్సి వస్తే, పెట్టేయగానే “ఇప్పుడు మనం అనుకున్నది ఇదీ” అని మెసేజ్ పెట్టండి.

జవాబు (మూడోగది)

“డిపాజిట్ వాపసు ఇవ్వబడదు” అన్న వాక్యం దగ్గర ఆగాలి. ఈ వ్యాపారంలో డిపాజిట్ అన్న ఒక్క మాటను మూడు వేర్వేరు డబ్బులకు వాడతారు, గొడవల్లో సగం అక్కడే పుడతాయి. ఒకటి, తేదీలు పట్టి ఉంచడానికి కట్టే అడ్వాన్స్. ఇది అద్దెలో భాగం. రెండు, నష్టం జరిగితే కోసుకోవడానికి తీసుకునే డ్యామేజ్ డిపాజిట్. ఇది అద్దె కాదు, ఓనర్ దగ్గర ఉన్న మీ సొమ్ము. మూడు, కార్డు మీద పెట్టే హోల్డ్. ఇందులో డబ్బు అసలు ఖాతా దాటదు, పరిమితిలో కొంత ఆగుతుంది, తర్వాత దానంతటదే విడుదలవుతుంది.

మీరు ఇంట్లో అడుగే పెట్టలేదు కాబట్టి నష్టం అన్న ప్రశ్నే లేదు. కాబట్టి డ్యామేజ్ డిపాజిట్ మొత్తం రావాలి, రద్దు ఎప్పుడు చేసినా సరే. దీన్ని అడ్వాన్స్ గొడవతో కలిపి బేరమాడకండి. “అడ్వాన్స్ వదులుకోండి, డిపాజిట్ ఇచ్చేస్తాను” అన్నది రాయితీ కాదు, మీదే మీకివ్వడం. శుభ్రం చేసే రుసుము ముందే తీసుకుని ఉంటే అదీ అంతే, ఆ పని జరగనే లేదు.

ఇక అడ్వాన్స్. రెండు షరతులు ఒకదానికొకటి ఎదురైనప్పుడు, అస్పష్టత ఉన్న చోట రాసినవారికి వ్యతిరేకంగా అర్థం చెప్పుకోవడం చాలా దేశాల కాంట్రాక్టు చట్టాల్లో ఉన్న సూత్రం. రాసింది ఓనర్. “పూర్తి వాపసు” అన్న మాటకు అర్థం ఉండాలంటే, “వాపసు లేదు” అన్నది 30 రోజుల లోపు రద్దులకే వర్తించాలి. అద్దె కింద అడ్వాన్స్ తప్ప ఇంకేమీ కట్టని దశలో పూర్తి వాపసు అంటే ఇంకేది వాపసు? మీ జవాబులో ఈ ప్రశ్నే పెట్టండి, మర్యాదగానే.

సైట్ల ద్వారా బుక్ చేసేవారికి ఒక మాట: అక్కడ ఇంటింటికీ పాలసీ మారుతుంది. హాలిడే హోమ్‌లు బుక్ చేసే సైట్ వీఆర్‌బీఓలో “మోడరేట్” పాలసీ అయితే 30 రోజుల ముందు వరకు పూర్తి వాపసు, 14 రోజుల ముందు వరకు సగం. “ఫర్మ్” అయితే అవే 60, 30. బుక్ చేసిన రోజున ఉన్న పాలసీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఓనరే ఇల్లివ్వలేక “మీరే క్యాన్సిల్ నొక్కండి, డబ్బు నేను చూసుకుంటా” అంటే మాత్రం నొక్కకండి. ఓనర్ రద్దు చేస్తే పూర్తి వాపసు వస్తుంది. మీరు నొక్కితే గెస్ట్ రద్దుగా నమోదై పాలసీ కోతలన్నీ పడతాయి.

జవాబు (లెక్కలపుస్తకం)

బ్యాంకుకు ఇప్పుడే వద్దు. ఛార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించే ఫిర్యాదు) వేసేముందు మీరు రద్దు చేసినట్టు, వాపసు అడిగినట్టు, తగినంత సమయం ఇచ్చినట్టు బ్యాంకు చూస్తుంది. మీరిచ్చిన గడువు దాటాక, లేదా ఓనర్ రాతపూర్వకంగా కాదన్నాక వెళ్లండి.

కారణం ఎంచుకోవడంలోనే చాలా కేసులు పోతాయి. “సేవ అందలేదు” అని పెట్టకండి. ఇల్లు సిద్ధంగానే ఉంది, రానిది మీరేనని ఓనర్ ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మీది “రద్దు చేసినా రిఫండ్ జమ కాలేదు” అన్న రకం. “నేను చేయని లావాదేవీ” అన్నది అబద్ధం, దాని జోలికి అసలే వెళ్లొద్దు. జతచేయాల్సినవి: రెండు షరతులూ కనిపించే బుకింగ్ మెయిల్, రద్దు మెయిల్, ఓనర్ జవాబు, కార్డు స్టేట్‌మెంట్. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో చాలా వివాదాలకు గడువు 120 రోజులు. ఏ రోజు నుంచి లెక్కన్నది కారణాన్ని బట్టి మారుతుంది, కాబట్టి మీ బ్యాంకును అడిగి తేదీ రాసిపెట్టుకోండి.

ట్రాన్స్‌ఫర్ చేసిన డ్యామేజ్ డిపాజిట్‌కు ఈ దారి లేదు. ట్రాన్స్‌ఫర్‌ను వెనక్కి రప్పించాలంటే అందుకున్నవారు ఒప్పుకోవాలి. ఇవ్వనంటే రాతపూర్వక నోటీసు, ఆ తర్వాత చిన్న మొత్తాల వివాదాలు చూసే కోర్టో, వినియోగదారుల కమిషనో.

ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే ఇవాళే చెప్పండి. డాక్టరు కాగితం మీద తేదీ రద్దు తేదీకి ముందుదై ఉండాలి. బీమా కంపెనీ తిరిగి రాని భాగానికే చెల్లిస్తుంది కాబట్టి, ఓనర్ ఎంత ఇవ్వనన్నారో రాతలో ఉండటం మీకే మంచిది.

ఆరుబయట

రద్దు మెయిల్ పంపాను. “డబ్బు వద్దు, ఏడాదిలోపు వేరే తేదీలు తీసుకోండి” అంటున్నారు. ఒప్పుకోవాలా?

మూడోగది

ఒప్పుకున్నారంటే రిఫండ్ హక్కు వదులుకున్నట్టే, తర్వాత ఛార్జ్‌బ్యాక్‌లో ఆ మెసేజే మీకు ఎదురొస్తుంది. “సరే”, “ఆలోచిస్తాం” అన్న మాటలు కూడా రాయకండి. “ధన్యవాదాలు, షరతు ప్రకారం వాపసే కావాలి” అని ఒక్క లైన్ చాలు. మీకే తేదీల మార్పు నచ్చితే మాత్రం ధర పెరిగితే తేడా ఎవరిది, ఏ నెలలు కుదరవు, ఇల్లు అమ్మేస్తే డబ్బు సంగతేంటి, ఈ మూడూ రాయించుకున్నాకే ఒప్పుకోండి. ఆ ఇంటి క్యాలెండర్‌ను రోజూ ఒకసారి చూడండి. మీ తేదీలు వేరేవారికి వెళ్లినట్టు కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీయండి, నష్టపోయానన్న ఓనర్ వాదన అక్కడితో బలహీనపడుతుంది.

లెక్కలపుస్తకం

“రిఫండ్ పంపేశాం” అంటే ఏఆర్ఎన్ అడగండి, అది ఆ కార్డు లావాదేవీని గుర్తించే నంబర్, 23 అంకెలుంటుంది. దాంతో ఆ డబ్బు ఎక్కడుందో మీ బ్యాంకు వెతికి చెప్పగలదు. నంబర్ ఇవ్వలేకపోతే చాలాసార్లు రిఫండ్ ఇంకా మొదలే పెట్టలేదని అర్థం, గడువు లెక్క ఆపకండి.