సభలో ఓటు ముందా, చట్టంలో నిధి ముందా?

తుంగభద్ర (కర్నూలు):
సముద్రం అవతల ఉన్న ప్రాంతాలు జాతీయ ప్రభుత్వం నుంచి తమకు రావలసిన నిధులు రాబట్టుకోవాలంటే ముందుగా జాతీయ సభలో ఓటు సంపాదించాలన్నది నా వాదన. రీయూనియన్ ద్వీపం 1946లో ఫ్రాన్సు వలస హోదా నుంచి బయటపడి ఆ దేశపు డిపార్ట్‌మెంటు, అంటే మన జిల్లా లాంటి పాలనా విభాగం అయింది. ఇవాళ పారిస్ సభకు ఏడుగురు ప్రతినిధులను పంపుతోంది. అమెరికా అధీనంలో ఉన్నా రాష్ట్ర హోదా లేని, ముప్పై లక్షలకు పైగా జనాభా ఉన్న ప్యూర్టో రికో ద్వీపం నుంచి అమెరికా ప్రతినిధుల సభకు వెళ్లే ఒకే ఒక్క కమిషనర్ అక్కడ మాట్లాడవచ్చు గానీ, బిల్లుపై తుది ఓటు వేయలేరు. అందుకే పేదల వైద్యానికి ఉద్దేశించిన మెడికెయిడ్ పథకంలో రాష్ట్రాలకు అయిన ఖర్చును బట్టి వాటా అందుతుండగా, ఈ ద్వీపానికి మాత్రం ఇంతవరకే అని హద్దు గీశారు. ఆ హద్దు పెంచమని మాటిమాటికీ అర్థించవలసి రావడం పౌరులకు తగిన స్థితి కాదు.

హగరి (అనంతపురం):
తుంగభద్ర గారూ, ఒక ముఖ్యమైన సంగతి మీరు వదిలేశారు. ప్యూర్టో రికో వాసులలో అత్యధికులు ఫెడరల్ ఆదాయపు పన్ను కట్టరు. నిరుపేద వృద్ధులకు, వికలాంగులకు ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ భృతి వారికి వర్తింపజేయనక్కరలేదని 2022లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు చూపిన కారణం అదే. ఆ తీర్పు నాకు న్యాయంగా తోచలేదు. కానీ పన్ను ప్రస్తావన లేకుండా ఓటు గురించి మాట్లాడలేము.

ఇక రీయూనియన్ 19వ శతాబ్దంలోనే పారిస్‌కు ప్రతినిధులను పంపింది. అయినా అక్కడి కనీస వేతనం ఫ్రాన్సు ప్రధాన భూభాగంతో సమానం కావడానికి 1996 దాకా పట్టింది. దక్షిణ అమెరికాలో ఫ్రాన్సుకు చెందిన ఫ్రెంచి గయానాకు ఇద్దరు ప్రతినిధులు, ఇద్దరు సెనేటర్లు ఉన్నారు. ఆసుపత్రులు, బడులు, శాంతిభద్రతల కోసం 2017 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ ప్రజలు సార్వత్రిక సమ్మె చేసి, రోడ్లు దిగ్బంధించి, అక్కడి కూరూ అంతరిక్ష కేంద్రంలో రాకెట్ ప్రయోగం ఆగిపోయే దాకా వచ్చాకే పారిస్ వంద కోట్ల యూరోలకు పైబడిన ప్యాకేజీకి ఒప్పుకుంది. ఆ నిధులు తెచ్చింది సభలోని ఓటు కాదు, రోడ్డు మీది జనం. మన సీమ నుంచి ఎనిమిది మంది ఎంపీలు ఢిల్లీకి వెళ్తున్నారు. ఓటు ఉంటే చాలునని మనం ఎలా అనగలం?

పెన్నా (కడప):
ఓటు, సమ్మె కాక మరో దారి గ్రీన్‌లాండ్‌లో ఉంది. డెన్మార్క్ సభలోని 179 స్థానాల్లో గ్రీన్‌లాండ్‌వి రెండే. అయితే 2009 నాటి స్వపరిపాలన చట్టంలోనే ఏటా ఇవ్వవలసిన మొత్తాన్ని, అప్పటి ధరల్లో సుమారు 344 కోట్ల క్రోనర్లు (డెన్మార్క్ కరెన్సీ) అని రాసి, ధరలు, వేతనాలు పెరిగిన కొద్దీ అదీ పెరిగే ఏర్పాటు చేశారు. ఖనిజాల మీద ఆదాయం వస్తే ఏడున్నర కోట్ల క్రోనర్లు దాటిన దానిలో సగం ఆ గ్రాంటులో తగ్గించుకోవాలన్న లెక్క కూడా అందులోనే ఉంది. అగ్నిపర్వతం రాజధాని ప్లిమత్‌ను కప్పేసిన మాంట్‌సెరాట్ అనే కరీబియన్ బ్రిటిష్ ద్వీపానికి బ్రిటిష్ పార్లమెంటులో సభ్యుడూ లేడు, ఇంత వస్తుందన్న ఇలాంటి హామీ చట్టమూ లేదు. బడ్జెట్ సాయానికి లండన్‌తో సంప్రదింపులే దిక్కు.

రాతలో తేడా ఎంతటిదో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్లలో సీమకు పదేళ్లు ప్రాధాన్యమని రాసుకున్నారు. అది పెద్దమనుషుల మాటగానే మిగిలింది, చట్టం కాలేదు.

తుంగభద్ర (కర్నూలు):
పెన్నా గారి మాటతో నా వాదనను కొంత సవరించుకుంటున్నాను. గ్రీన్‌లాండ్ చట్టం వెనుక 2008 నవంబరులో అక్కడి ప్రజలు నాలుగింట మూడొంతుల మెజారిటీతో ఆమోదించిన ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. అంటే కోపెన్‌హాగెన్‌లోని రెండు స్థానాల కంటే సొంత గడ్డ మీద వేసిన ఓటే వారికి బలమైంది. అయినా చట్టాన్ని మార్చే అధికారం సభదే కనుక, అక్కడ మనవాళ్లు ఉండాలన్న మాటను విడిచిపెట్టను. 2014 పునర్విభజన చట్టం 46వ సెక్షన్ రాయలసీమ, ఉత్తరాంధ్రలకు ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ అన్నదే గానీ, ఎంతో చెప్పలేదు. జిల్లాకు ఏటా 50 కోట్లన్నది తరువాత కేంద్రం తీసుకున్న నిర్ణయం. ఆ మొత్తాన్ని, అది ధరలతో పాటు పెరిగే పద్ధతిని సవరణ బిల్లుగా ఆ సెక్షన్‌లో చేర్చమని మన ఎనిమిది మంది ఎంపీలనూ పార్టీలకు అతీతంగా అడగాలి.