పడమటి ప్రకాశానికి ముందు కావాల్సింది డయాలసిస్ మంచాలా, నీళ్లూ బీపీ బిళ్లలా?

దర్శి కుర్రోడు:
మండలానికో డయాలసిస్ సెంటర్ పెడితేనే కనిగిరి, పొదిలి వైపు జనం బతుకుతారని మొన్న ఇక్కడ కందుకూరు మావయ్య రాశారు. నేను ఒప్పుకోను. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, కాదనను. కానీ అప్పట్నుంచీ మన ఆలోచనంతా జబ్బు ముదిరి పెద్దాసుపత్రికి చేరాకే మొదలవుతోంది. కిడ్నీలు పోయినాక నెలకి 10,000 పింఛను ఇస్తారు, మంచిదే. పోకముందు బీపీ చూసి బిళ్లలిచ్చి, అవి మింగుతున్నారో లేదో కనుక్కునే నాథుడేడీ?

కందుకూరు మావయ్య:
అబ్బయా, వారానికి రెండుమూడు సార్లు తెల్లారకముందే బస్సెక్కి ఒంగోలు పొయ్యే మనిషికి ఉప్పు తగ్గించుకోమని చెప్తావా? ఆయనకి దగ్గర్లో మంచం కావాల. నివారణ చేయండి, ఎవరొద్దన్నారు. ఆయన నోటికాడ కూడు లాగి మాత్రం చేయొద్దు.

ఏఎన్ఎం అక్క:
మీరిద్దరూ నొప్పుల బిళ్లల మాటే ఎత్తలేదు. మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ నిన్నమొన్నటిది కాదు. 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీ డాక్టర్లు ఈ జబ్బు గురించి రాశారు, అప్పటికి పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేవి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఇంకా ఎక్కువైతే నడుము వంగదు, మోకాళ్లు ముడవవు. అయినా కూలికి పోక తప్పదు. దాంతో ఆర్‌ఎంపీ దగ్గరో మందుల షాపులోనో డైక్లోఫినాక్ తెచ్చుకుని రోజూ వేసుకుంటారు. ఎండలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీలకి మరీ చేటు. కిడ్నీ నీరసించిందా, ఫ్లోరైడ్ బయటికి పోవడం తగ్గుతుంది, నొప్పులు ఇంకా పెరుగుతాయి, మళ్లీ అవే బిళ్లలు.

ఫ్లోరైడ్ ఒక్కటే కిడ్నీలు తినేస్తోందని ఊళ్లో అంటారు గానీ అది తేలిన మాట కాదు. చాలా చోట్ల పెద్ద కారణాలు షుగరూ బీపీనే.

క్యాన్ నీళ్లు కొంటున్నాం కదా అంటారు. కొనేది తాగేదానికే, అన్నం పప్పు ఉడికేది బోరు నీళ్లలోనే. కాచితే పోతుందని ఇంకో నమ్మకం. కాచితే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది.

ఇక బీపీ బిళ్లలు. ఊరూరా తిరిగే వైద్య వాహనం, 104 బండి, వచ్చినప్పుడు ఇస్తాం. మరుసటి నెల మనిషి రాడు. అడిగితే "తల తిరగడం తగ్గింది గదమ్మా" అంటాడు. ఇంటికెళ్లి చెప్పాల్సిన ఆశా వర్కర్‌కేమో రిజిస్టర్లు నింపడానికే పొద్దు చాలదు.

దర్శి కుర్రోడు:
అక్కా, నేను చెప్పాలనుకున్నది ఇదే, మీరు నాకన్నా బాగా చెప్పారు. 30 దాటినోళ్లకి ఊళ్లో బీపీ, షుగర్ చూస్తున్నారు గదా, ఈ మండలాల్లో కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే పరీక్షలు, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ కూడా అప్పుడే చూడాలి. ఒక డయాలసిస్ మిషను తగ్గినా సరే.

కందుకూరు మావయ్య:
ఆ చివరి మాట వెనక్కి తీసుకో. ఏ ఊరి మిషను తగ్గిస్తావో ఆ ఊరు పోయి చెప్పు ముందు. పరీక్షలు పెట్టమను, నేనూ సంతకం పెడతా. మన వైపుకి కృష్ణా నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది 1996లో. ఆ నీళ్లు మా కుళాయిల్లోకి వచ్చేదాకా మంచాలు అడుగుతూనే ఉంటా.