పాత జిప్సీకి ముందు పెద్ద టైర్లా, రిపేర్లా? ఇంట్లో ఎంతవరకు చేసుకోవచ్చు?

కాప్రా_జిప్సీ:
మా మామయ్య వాడిన 1999 మారుతి జిప్సీ కింగ్ నా చేతికొచ్చింది. కార్బొరేటర్ బండి, 1.3 లీటర్ ఇంజను, 60 హార్స్ పవర్. 2024లో ఆర్‌సీ రెన్యువల్ చేయించాక ఆయన దాన్ని పెద్దగా బయటికి తీయలేదు. రేకుల షెడ్డు కిందే ఉండిపోయింది. నా దగ్గర 60 వేలున్నాయి. 235/75 ఆర్15 టైర్లు, బండిని రెండంగుళాలు లేపే లిఫ్ట్ వేసి, డబ్బు మిగిలితే విన్చి (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) పెట్టించాలని ఆశ. ఇంటి ముందు సిమెంటు వాకిలి ఉంది, పానాలు పట్టడం అలవాటే. మా బావేమో "ముందు ఉన్నది సరిచెయ్, అది కూడా మెకానిక్ షెడ్డుకిచ్చి చేయించు" అంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

బండి పరిస్థితి చెప్తాను. 55 దాటితే స్టీరింగ్ దడదడలాడుతుంది. ముందు యాక్సిల్ చివర నూనె కారుతోంది. 4హెచ్ (నాలుగు చక్రాలూ లాగే గేరు) వేసి కాలనీ సీసీ రోడ్డు మీద మలుపు తిప్పితే ఎవరో వెనక్కి లాగినట్టు బిగుసుకుపోతోంది. మీరేమంటారు?

కమాన్_కట్ట:
మీ బావ మాటలో సగం కరెక్ట్.

ముందు ఆ మూడోది తేల్చేద్దాం, అది ఫాల్టే కాదు. జిప్సీలో సెంటర్ డిఫరెన్షియల్, అంటే ముందు, వెనక యాక్సిళ్లను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె, ఉండదు. 4హెచ్‌లో ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు ఒకే వేగంతో తిరగాలి. మలుపులో మాత్రం ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. మట్టిలో అయితే టైరు జారి సర్దుకుంటుంది, ఎండిన సిమెంటు మీద జారదు. ఆ బిగువంతా గేర్ల మీద, షాఫ్టుల క్రాస్ జాయింట్ల మీద పడుతుంది. సీసీ రోడ్డు మీద మళ్లీ వేయకండి.

దడ మాత్రం అసలు జబ్బు. ముందు చక్రం లేపి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపండి. ప్లే (వదులు) ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ప్లే పోతే వీల్ బేరింగ్, తొక్కినా ఆడుతుంటే కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం పక్కలకు తిరిగే ఇరుసు) బేరింగ్. పక్కలకు ఊపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ కడ్డీల చివరి కీళ్లు) చూడండి. ఇది తేలకుండా పెద్ద టైర్లు వేశారంటే బరువైన చక్రం ఆ దడను ఇంకా పెంచుతుంది.

వీకెండ్_వికారాబాద్:
అందరూ బుష్‌లు, బేరింగులు అంటూ కుర్రాడి ఉత్సాహం మీద నీళ్లు చల్లుతారేంటి? జిప్సీ కొనేది షెడ్డులో పూజ చేయడానికా? టైర్లు వెయ్యి తమ్ముడూ. లిఫ్ట్ ఎన్ని అంగుళాలు చేసినా బాడీ మాత్రమే లేస్తుంది, యాక్సిల్‌కున్న డిఫరెన్షియల్ గుండు అక్కడే ఉంటుంది. రాళ్లకు తగిలేది ఆ గుండే. దాన్ని లేపేది టైరొక్కటే. అనంతగిరి వైపు వానాకాలం దారుల్లో రెండేళ్లుగా పెద్ద టైర్లతో తిరుగుతున్నా, ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు.

లెక్క_చెప్తా:
గుండు సంగతి నిజమే. మిగతా లెక్క కూడా చూడాలిగా. కంపెనీ టైరు 205/70 ఆర్15, ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. 235/75 ఎత్తు 733 దాకా వస్తుంది. అంటే గుండు కింద మీకు దొరికేది అటూ ఇటుగా 32 మిల్లీమీటర్లు, బొటనవేలి వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. దానికోసం గేరింగ్ దాదాపు 10 శాతం బరువెక్కుతుంది. 60 హార్స్ పవర్ ఇంజను ఘాట్‌లో మూడో గేరు వదిలి రెండోదానికి దిగుతుంది. మీటరు 60 చూపించినప్పుడు బండి 66లో ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే పెట్టె) గేర్లు మార్చి గేరింగ్ సరిచేయొచ్చు కానీ 60 వేలల్లో అది కుదరదు.

షాకిల్ (కమాన్ కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే పట్టీ) పొడవు పెంచి చవగ్గా లిఫ్ట్ చేస్తామనేవాళ్లను మాత్రం నమ్మకండి. ముందు వైపు అలా చేస్తే క్యాస్టర్ కోణం (కింగ్‌పిన్ వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గి స్టీరింగ్ తిన్నగా నిలవదు. ఆయనకు ఇప్పటికే దడ ఉంది.

ఆర్‌సీ_భద్రం:
మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గురించి ఎవరూ మాట్లాడరేం? ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఒక్కోదానికి 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. విన్చి కోసం ముందు ఇనప బంపరు పెడితే 2017 డిసెంబర్ నాటి క్రాష్ గార్డుల నిషేధం గుర్తుంచుకోండి. మీ ఆర్‌సీ 2029లో మళ్లీ రెన్యువల్‌కు వస్తుంది. ఫిట్‌నెస్‌కు బండి తీసుకెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టర్ ముందు చూసేది టైర్లనే.

వీకెండ్_వికారాబాద్:
హైదరాబాద్‌లో ఎంతమందిని ఆపారో చెప్పండి సార్.

ఆర్‌సీ_భద్రం:
ఆపనంత కాలం బాగానే ఉంటుంది. యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయరు టేపు పట్టుకుని వస్తాడు.

సెల్లార్_మెకానిక్:
అసలు ప్రశ్నకు వద్దాం, ఇంట్లోనా షెడ్డులోనా? నేను ఇంటి పార్టీయే. కారణం ఉంది. ఒక షెడ్డులో నా బండి గేర్‌బాక్స్‌లో, డిఫరెన్షియల్‌లో ఒకే డబ్బాలోంచి నూనె పోశారు. డిఫరెన్షియల్‌కు కావలసింది జీఎల్-5 రకం గేరు నూనె. పాత గేర్‌బాక్స్‌లో గేర్లు సాఫీగా పడటానికి ఇత్తడి సింక్రో రింగులుంటాయి కాబట్టి అక్కడ జీఎల్-4 అడుగుతారు, జీఎల్-5లోని గంధకం మందులు ఇత్తడిని తినేస్తాయి. నాకిది తెలిసేలోపు రెండో గేరు కిర్రుమనడం మొదలైంది. నా బండికి ఏ నూనె కావాలో చదువుకునే ఓపిక నాకుంటుంది, రోజుకు పది బండ్లు చూసేవాడికి ఉండదు.

2020 అక్టోబర్ వరదల్లో మా సెల్లార్‌లో బండి యాక్సిళ్లు మునిగాయి. వారం తర్వాత ప్లగ్ విప్పితే వచ్చింది నూనె కాదు, పాలు ఎక్కువైన టీ! బ్రీదర్ (యాక్సిల్ లోపలి గాలి బయటికి పోయే దారి) గొట్టం పగిలి ఉంది, నీళ్లు అందులోంచే వెళ్లాయి. ఆ రోజు నేనే విప్పి చూడకపోతే బేరింగులు తుప్పు పట్టేవి. మీకు నూనె కారుతోందన్నారు కదా, సీలు కొనే ముందు బ్రీదర్ చూడండి. అది మూసుకుపోతే వేడెక్కిన గాలికి దారి లేక నూనెను సీళ్లలోంచి తోస్తుంది.

నూనె మార్చేటప్పుడు ముందు పై ప్లగ్ (నూనె పోసేది) ఊడుతుందో లేదో చూసుకోండి, తర్వాతే కిందిది. నేను ఒకసారి కిందిది విప్పేసి, పైది రాక, ఎండిన డిఫరెన్షియల్‌తో ఆదివారమంతా కూర్చున్నా. పెట్రోలు పైపులు పాతవైతే మార్చేయండి, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకు ఆనాటి రబ్బరు తట్టుకోదు.

ఆటోనగర్_అబ్బాయి:
మాది షెడ్డే కాబట్టి మా వైపు కూడా వినండి. నూనెలు, గ్రీజు, బ్రేకు ఫ్లూయిడ్, పైపులు ఇంట్లో చేసుకోండి, మాకేం బాధ లేదు. కింగ్‌పిన్ వేరు. బేరింగ్ కప్పులు దించాలి, షిమ్ములతో (పలచని రేకు ముక్కలతో) బిగువు సెట్ చేయాలి. ఎక్కువ బిగిస్తే స్టీరింగ్ తిరగదు, తక్కువైతే దడ అలాగే ఉంటుంది. కమాన్ కట్ట విప్పితే పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు, ఒకసారి సాగినవి పట్టు నిలబెట్టవు.

ఇటుకల సంగతి తప్పకుండా చెప్పాలి. ఇంట్లో చేసేవాళ్లు చాలామంది జాకీ లేపి యాక్సిల్ కింద ఇటుకలు పేరుస్తారు. ఇటుక ముందుగా చెప్పి పగలదు. మా దగ్గరికి అలా పడిన బండి ఒకటి వచ్చింది, బ్రేకు డ్రమ్ము నేలను తాకి ఉంది. మనిషి అప్పుడే టీ తాగడానికి లేచాడట. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో యాక్సిల్ కింద పెట్టే ఇనప స్టాండ్లు దొరుకుతాయి, పానాల కన్నా ముందు అవి కొనండి.

కాప్రా_జిప్సీ:
అందరికీ థాంక్స్. ఆదివారం స్టాండ్లు కొని తెచ్చి చూశాం. కుడి చక్రం బాగానే ఉంది. ఎడమది పైనా కిందా ఊపితే టక్కుమంది. మా ఆవిడ బ్రేకు తొక్కి పట్టుకున్నా టక్కుమంటూనే ఉంది, అంటే కింగ్‌పినే. ముందు బ్రీదర్‌లో కందిరీగ మట్టిగూడు కట్టింది, పుల్ల పెట్టి తీస్తే గుప్పెడు మట్టి రాలింది. డిఫరెన్షియల్ నూనె నల్లగా ఉంది, నీళ్లు లేవు, మార్చేశాను. పాత నూనె డబ్బాలో పట్టి పెట్టా, మోరీలో పోయలేదు.

కింగ్‌పిన్ మాత్రం శనివారం షెడ్డులో, నేను పక్కనే నిలబడేలా మాట్లాడుకున్నా. మా బావ కూడా వస్తానన్నాడు, గెలిచినట్టు మొహం పెట్టుకుని. టైర్లు 205లే, కొత్త సెట్టు. విన్చి లేదు.

వీకెండ్_వికారాబాద్:
సరే. అనంతగిరికి ఎప్పుడొస్తావో చెప్పు తమ్ముడూ, లాగడానికి తాడు నేను తెస్తా.

ఆటోనగర్_అబ్బాయి:
ఆ డబ్బా నూనె కూడా శనివారం షెడ్డుకే తెచ్చేయ్ అన్నా, మా డ్రమ్ములో పోద్దాం.