హైవే మీద మీ ఎర్టిగా నిజంగా ఎంత ఇస్తోంది?

నల్లకుంట_ఆర్:
హైదరాబాద్ నుంచి కర్నూలు, కడప మీదుగా తిరుపతి వెళ్లొచ్చాం. మారుతి ఎర్టిగా కారు, పెట్రోల్, మాన్యువల్. ఆరుగురం, పైన క్యారియర్ నిండా సామాను. ట్యాంక్ టు ట్యాంక్ (ముందు ఫుల్ చేయించి, తర్వాత మళ్లీ ఫుల్ చేయించి) లెక్కేస్తే లీటరుకు 14.2 కిలోమీటర్లు వచ్చింది. కంపెనీ లెక్క 20.51. మీకెంత వస్తోంది? కర్నూలు దాటాక నమ్మకమైన బంకులు చెప్పండి. సీఎన్‌జీ తీసుకోవాల్సిందా?

డీజిల్_బాబాయ్:
అందుకే నా పాత 1.3 డీజిల్ అమ్మనంటున్నా. ఫుల్ లోడ్‌తో కూడా 20కి తగ్గదు. 2020లో మారుతి డీజిల్ ఆపేసినప్పటి నుంచి ఇదే గోల.

సూర్యాపేట_కుర్రాడు:
ఇదంతా ఈ20 పుణ్యం. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలిపారు, 20 శాతం మైలేజీ పోయింది. ఇంకేం లెక్క కావాలి?

గేర్‌బాక్స్:
ఆ లెక్క తప్పు. ఏళ్ల తరబడి ఇంజిన్లు విప్పుతున్నవాడిగా చెబుతున్నా. ఇథనాల్ అంటే నీళ్లు కాదు, అదీ మండుతుంది. లీటరుకు పెట్రోల్‌లో ఉన్న శక్తిలో మూడింట రెండొంతులు అందులోనూ ఉంటుంది. కలపని పెట్రోల్‌తో పోలిస్తే తగ్గేది 6, 7 శాతం. 16 ఇచ్చే బండి 15 ఇస్తుంది, 13కి పడదు. 2021లో నీతి ఆయోగ్ నివేదిక కూడా పాత కార్లకు ఇంచుమించు ఇదే చెప్పింది.

సూర్యాపేట_కుర్రాడు:
నివేదికలు మీ దగ్గర పెట్టుకోండి. నాది 2016 బండి. అదే రోడ్డు, అదే స్పీడు, 17 ఇచ్చేది ఇప్పుడు 14 దాటట్లేదు. ఈ ఇథనాల్‌కు రబ్బరు పైపులు పాడైతే ఖర్చు మీరిస్తారా?

గేర్‌బాక్స్:
పైపుల భయం నిజమే, పాత బండికి మార్పించుకోవాల్సిందే. నేను మాట్లాడింది మైలేజీ గురించి. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు చూపించారు?

సూర్యాపేట_కుర్రాడు:
సర్వీసింగ్ టైముకే చేయిస్తా. తెలియకుండా మాట్లాడకండి.

కడపక్క:
తమ్ముళ్లూ, కాస్త ఆగండి. ఆయన పైన క్యారియర్ అన్నారు, ఎవరూ పట్టించుకోలేదు! మేం టార్పాలిన్ కప్పి తాడు కట్టాం, 100 దాటితే పటపటా కొట్టుకునేది. గాలికి అడ్డుగా గోడ కట్టినట్టే. సామాను లోపల సర్దుకుని 80, 90 మధ్య నడిపితే 17 వచ్చింది. కంపెనీవాళ్ల టెస్టులో స్పీడు 90 దాటదు, ఏసీ వేయరు. మనం ఏసీ వేసుకుని 110లో పోతూ ఆ నంబరు ఎలా అడుగుతాం?

డీజిల్_బాబాయ్:
కడప రోడ్డు ఖాళీ కాబట్టి సరిపోయింది. సంక్రాంతికి విజయవాడ హైవేలో పంతంగి టోల్ దగ్గర నిలబడి చూడమ్మా. ఫాస్టాగ్ ఉన్నా క్యూ తప్పదు. ఏసీ ఆన్‌లో ఇంజిన్ తిరుగుతుంటే ఏ బండికైనా మైలేజీ గోవిందా.

హైవే_రాము:
ట్యాంక్ టు ట్యాంక్ అంటున్నారు, ఆటో కట్ దగ్గరే, అంటే నాజిల్ దానంతటదే ఆగగానే ఆపారా? మా ఊరి దగ్గర బంకులో కట్ అయ్యాక కూడా రౌండ్ ఫిగర్ కోసం నాజిల్ నొక్కుతూనే ఉంటాడు. ఆ లీటరు తేడాతో లెక్క మొత్తం తారుమారు. రెండుసార్లూ ఒకే బంకులో, మొదటి కట్‌కే ఆపించండి.

నల్లకుంట_ఆర్:
రెండుసార్లూ ఆటో కట్‌కే ఆపాం. టైర్లలో గాలి మాత్రం మామూలుగా కొట్టించేదే.

గేర్‌బాక్స్:
డ్రైవర్ డోర్ తీస్తే లోపల స్టిక్కర్ ఉంటుంది. ఫుల్ లోడ్‌కు వెనక టైర్ల ప్రెషర్ వేరుగా రాసుంటే అదే కొట్టించండి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. నైట్రోజన్‌కు డబ్బులు దండగ.

హైవే_రాము:
నైట్రోజన్ దండగేంటి? నా టైర్లలో గాలి నెలలపాటు దిగదు.

గేర్‌బాక్స్:
మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ అండీ.

కడపక్క:
బంకుల సంగతి ఆయన అడిగి ఎంతసేపైంది? మైదుకూరు వైపు వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.