ఆన్‌లైన్‌లో సైకాలజీ డిగ్రీ: ఇప్పుడు చేరొచ్చా? ఇప్పటికే చేరినవాళ్లు ఏం చూసుకోవాలి?

గోరింటపూలు
చెల్లి ఇంటర్ అయింది. ఇంటి నుంచే బీఏ సైకాలజీ చదువుతానంటోంది. "ఆన్‌లైన్ సీటు ఖాయం, యూజీసీ గుర్తింపు ఉంది" అని ఒక కన్సల్టెన్సీ రోజూ ఫోన్లు చేస్తోంది. పిన్ని కొడుకు 2023లోనే ఇగ్నో బీఏ ఆనర్స్ సైకాలజీలో చేరాడు, ఇంకా పేపర్లు మిగిలాయి. ఇద్దరికీ పనికొచ్చేలా తెలిసినవాళ్లు చెప్పండి.

రచ్చబండ_రాజు
ముందు రూపాయి కూడా కట్టకండి. 2025 జులై–ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఏ యూనివర్సిటీ నడపకూడదని యూజీసీ ఆదేశం. అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కోసం 2021లో వచ్చిన జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి సైకాలజీ వస్తుంది కాబట్టి ఈ కట్టడి. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ కూడా అదే లెక్కలో పోయాయి. ఆ సెషన్ నుంచి నడపడానికి అంతకుముందు ఇచ్చిన అనుమతులు కూడా రద్దు.

కన్సల్టెన్సీల మెలిక ఎక్కడంటే, బీఏలో నాలుగైదు స్పెషలైజేషన్లు ఉంటే అందులో సైకాలజీ ఒక్కటే పోతుంది, హిస్టరీ, ఎకనామిక్స్ లాంటివి మామూలుగా నడుస్తాయి. వాళ్లు "బీఏ"కి ఉన్న గుర్తింపు కాగితం చూపించి సైకాలజీ పేరుతో డబ్బు లాగుతారు. యూజీసీ దూరవిద్య బ్యూరో సైట్‌లో యూనివర్సిటీ పేరు, సెషన్, స్పెషలైజేషన్ ఈ మూడూ కనబడితేనే నమ్మండి.

ఇంకోటి. దూరవిద్య, ఆన్‌లైన్ ఏ కోర్సులో చేరాలన్నా 2024 సెప్టెంబరు నుంచి డెబ్ ఐడీ (ఆ దూరవిద్య బ్యూరో ఇచ్చే విద్యార్థి నంబరు) తప్పనిసరి. ఏబీసీ ఐడీతో (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, అంటే క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు) లాగిన్ అయి విద్యార్థే దాన్ని తీసుకోవాలి. "మేం చేసేస్తాం, ఓటీపీ చెప్పండి" అంటే ఫోన్ పెట్టేయండి.

మేడమీద_గది
పై ఆదేశం కొత్త అడ్మిషన్ల గురించి. మీ తమ్ముడు నిశ్చింతగా పూర్తి చేసుకోవచ్చు, కానీ గడువు చూసుకోమనండి. ఆ మూడేళ్ల ప్రోగ్రామ్‌కి గరిష్ఠ కాలం ఆరేళ్లు.

ఇక చదువు బరువు. మొత్తం 148 క్రెడిట్లు. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటలు, అంటే 4,440 గంటలు. మూడేళ్లకి పంచితే వారానికి 28 గంటల పైమాట. ఉద్యోగం చేస్తూ మూడేళ్లలో ముగిస్తాననేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. వారానికి 14 గంటలే దొరికితే అది ఆరేళ్ల చదువే, దాచేదేముంది.

అసైన్‌మెంట్లకు 30 శాతం, టర్మ్ ఎండ్ పరీక్షకు 70 శాతం. రెండింటిలోనూ విడివిడిగా పాసవ్వాలి. ఎక్కువమందికి దెబ్బ తగిలేది పరీక్షలో కాదు, అసైన్‌మెంట్ ప్రశ్నపత్రంలో. పాత సెషన్ ప్రశ్నలకు జవాబులు రాసి ఇస్తే లెక్కలోకి రావు. పేపర్ మీద ఏ సెషన్‌కి చెల్లుతుందో రాసి ఉంటుంది, అది చూశాకే పెన్ను పట్టాలి. స్టడీ సెంటర్‌లో ఇస్తే రసీదు, ఆన్‌లైన్‌లో ఎక్కిస్తే స్క్రీన్‌షాట్ దాచుకోవాలి. మార్కులు ఎక్కకపోతే అడగడానికి అదొక్కటే ఆధారం.

కుంకుడుచెట్టు
తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు యూనివర్సిటీ పుస్తకాలతో మొదలెట్టొద్దు. ముందు ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల సైకాలజీ పుస్తకాలు ఇంగ్లిష్‌లో చదవాలి. పీడీఎఫ్‌లు ఉచితం, భాష తేలిక. ఆ తర్వాత ఇగ్నో వాళ్ల ఈజ్ఞానకోశ్ సైట్‌లో ఉన్న మెటీరియల్. అదీ ఉచితమే, నోట్సులు కొనక్కర్లేదు.

పాతబస్తీ_పిల్ల
ప్రాక్టికల్స్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? ఆన్‌లైన్ చదువు తేలిపోయేది అక్కడే. థియరీ వీడియోలో చూసి నేర్చుకోవచ్చు, టెస్ట్ పెట్టడం మాత్రం మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుంటేనే వస్తుంది.

డిజిట్ స్పాన్ తీసుకోండి, అంటే విన్న అంకెలను వరుసగా ఎన్ని తిరిగి చెప్పగలరో చూసే పరీక్ష. అంకెలు సెకనుకి ఒకటి చొప్పున, ఒకే గొంతుతో చదవాలి. ఫోన్ నంబర్ చెప్పినట్టు "తొమ్మిది ఎనిమిది, నాలుగు ఐదు" అని జతలుగా చదివితే ఎదుటివాళ్లు గుంపుగట్టి గుర్తుపెట్టుకుంటారు, స్పాన్ ఉత్తినే పెరుగుతుంది. ఏ భాషలో చదివారన్నది ఇంకా ముఖ్యం. పలకడానికి ఎక్కువసేపు పట్టే మాటలు తక్కువ గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద పనిచేసిన సైకాలజిస్ట్ బాడ్లీ బృందం 1975లోనే చూపించింది. ఇంగ్లిష్‌లో "ఎయిట్" ఒక్క పలుకులో అయిపోతుంది, మన "ఎనిమిది"కి నాలుగు అక్షరాలు పలకాలి. తెలుగులో పరీక్ష పెట్టి ఇంగ్లిష్ సగటుతో పోల్చి "జ్ఞాపకశక్తి తక్కువ" అని రాస్తే వైవాలో దొరికిపోతారు. ఏ భాషలో పెట్టారో జర్నల్‌లో రాయండి, మొదటి నుంచి చివరిదాకా అదే భాషలో పెట్టండి.

ముల్లర్–లయర్ బోర్డుతో (బాణం మొనల వల్ల సమానమైన గీతలు చిన్నా పెద్దగా కనబడే భ్రమను కొలిచేది) ఇంకో తప్పు. గీతను చిన్నది నుంచి పెద్దదానికి జరిపే ట్రయల్స్ అన్నీ ముందు ముగించి, తర్వాత పెద్దది నుంచి చిన్నదానికి చేస్తారు. అలా చేస్తే అలవాటు, అలసట రెండూ ఒక వైపే పడతాయి. రెండు దిశలనూ కలిపి, సమానంగా పంచి పెట్టాలి. బోర్డు కుడి ఎడమ కూడా మార్చాలి.

మేడమీద_గది
@పాతబస్తీ_పిల్ల భాష సంగతి భలే చెప్పారు. దీనికి కలిపి: టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే టెస్ట్ పీడీఎఫ్‌లు వాడొద్దు. కాపీరైట్ ఒక సమస్య, అసలు సమస్య మాన్యువల్ లేకపోవడం. రావెన్ ఎస్‌పీఎమ్ అనే బొమ్మల తెలివితేటల పరీక్షలో 12 చొప్పున ఐదు సెట్లు, 60 బొమ్మలు. 60కి 44 వచ్చాయంటే ఆ వయసుకి ఎక్కువా తక్కువా అనేది నార్మ్స్ పట్టిక (వయసువారీ సగటు మార్కులు) చూడందే చెప్పలేం. స్టడీ సెంటర్ ల్యాబ్‌లో ఉన్న కిట్టే వాడుకోండి. పాల్గొన్నవాళ్ల పేరు రాయకుండా పొడి అక్షరాలు, వయసు, చదువు మాత్రమే రాయాలి. ముందు సంతకం పెట్టిన సమ్మతి పత్రం తీసుకోవాలి.

లెక్కలపంతులు
స్టాటిస్టిక్స్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఫార్ములా రాక కాదు, ఏ టెస్ట్ పెట్టాలో తేల్చుకోలేక. రెండు వేర్వేరు గుంపులా, ఒకే గుంపుని రెండుసార్లు కొలిచారా అని మొదట అడగండి. 15 మంది, 15 మంది ఉన్న రెండు గుంపులైతే స్వేచ్ఛాంకం (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) 28, పట్టికలో 0.05 దగ్గర రెండువైపుల టీ విలువ 2.048. అదే 15 మందిని ముందూ వెనకా కొలిస్తే స్వేచ్ఛాంకం 14, విలువ 2.145. లెక్కలో 2.1 వచ్చిందనుకోండి, మొదటి పద్ధతిలో తేడా ఉందంటారు, రెండోదాంట్లో లేదంటారు. పొరపాటున పట్టికలో ఇంకో వరుస చూస్తే ముగింపే తిరగబడుతుంది.

పరీక్షకి చేత్తో చేయడం రావాలి. జవాబు సరిచూసుకోవడానికి జమోవి గానీ జాస్ప్ గానీ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ వాడండి, రెండూ ఉచితం.

గోరింటపూలు
చాలా థాంక్సండీ అందరికీ. మరి చెల్లి సంగతి? ఈ డిగ్రీతో కౌన్సెలింగ్ సెంటర్ పెట్టొచ్చు అంటోంది.

రచ్చబండ_రాజు
డిగ్రీ ఒక్కటే ఉంటే క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టకూడదండీ. దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు, ఆపై రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ కోర్సు రెగ్యులర్‌గా క్లాసులకు వెళ్లి చదవాల్సిందే. ఆ వృత్తే కావాలంటే ఇప్పుడే దగ్గర్లో సైకాలజీ ఉన్న డిగ్రీ కాలేజీ వెతకండి. ఊళ్లో లేకపోతే హాస్టల్ ఖర్చు, కన్సల్టెన్సీ అడిగే ఫీజు పక్కపక్కన రాసి చూడండి.

టేమ్స్_గట్టు
బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకి ఒక మాట. అక్కడ ఓపెన్ యూనివర్సిటీలో ఆనర్స్ అంటే 360 క్రెడిట్లు, 60 క్రెడిట్ల మాడ్యూల్‌కి సుమారు 600 గంటలు. సైకాలజిస్ట్‌గా ముందుకి వెళ్లడానికి బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ సభ్యత్వ అర్హత రావాలంటే ఆ సొసైటీ గుర్తింపున్న డిగ్రీ, కనీసం 2:2 (సెకండ్ క్లాస్‌లో కింది మెట్టు) కావాలి, డేటాతో చేసే పరిశోధన ప్రాజెక్టులో పాసై ఉండాలి. మొత్తం మార్కులు బాగున్నా ప్రాజెక్టు పోతే ఆ సభ్యత్వ అర్హత రాదు.

కుంకుడుచెట్టు
అమెరికాలో "ఏపీఏ గుర్తింపున్న బ్యాచిలర్స్" అని ప్రకటన కనబడితే అనుమానించండి. ఏపీఏ, అంటే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, డిగ్రీ స్థాయి కోర్సులకు గుర్తింపు ఇవ్వదు. యూనివర్సిటీకే అక్రెడిటేషన్ ఉందా అని చూడాలి.

గోరింటపూలు
కన్సల్టెన్సీని అడిగాను, స్పెషలైజేషన్ పేరుతో సహా అడ్మిషన్ లెటర్ ముందు చూపించమని. "ఫీజు కట్టాక వస్తుంది" అన్నారు. వద్దని చెప్పేశాం. చెల్లికి కాలేజీలు చూస్తున్నాం, సైకాలజీ ల్యాబ్ ఉందో లేదో వెళ్లినప్పుడే అడుగుతాం.