మాన్షన్ అంటే భవంతేనా?

తమిళ కథను తెలుగు చేస్తూ, అందులోని మాన్షన్ అనే మాటకు "ట్రిప్లికేన్‌లో ఒక భవంతిలో ఉండేవాడు" అని రాశాను, సరిపోయిందా అని అడిగారు కదా. లేదండీ, దయచేసి మార్చండి. ఆ వాక్యం చదివితే మన పాఠకుడికి ఏ జమీందారు మేడో కళ్ళముందుకొస్తుంది, కథలో ఉన్నదేమో ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాడు.

ట్రిప్లికేన్ చెన్నైలో ఒక పేట. చెన్నైలో మాన్షన్ అంటే ఒంటరి మగవాళ్ళు నెల అద్దెకు దిగే గదుల కట్టడం. నెల్లూరు నుంచి వచ్చిన కొత్తలో నేనూ అలాంటి చోటే రెండేళ్ళున్నాను. చిన్న గది, మూడు మంచాలు, ఈ గోడకీ ఆ గోడకీ కట్టిన తాడు మీద ఎప్పటికీ ఆరని లుంగీలు, వరండా చివర అందరికీ కలిపి రెండే బాత్రూములు, తెల్లవారుజామున ఐదింటికే వాటి ముందు బకెట్ల వరుస. తిండికి పక్క సందులో మెస్. ఫోన్‌లో మాన్షన్ అన్న మాట విని ఏదో ఊహించుకుని వచ్చిన నాన్న, గుమ్మంలోనే కాసేపు నిలబడిపోయి, "ఇది బస రా, ఇల్లు కాదు" అన్నారు.

ఆయనకు ఇంగ్లీషు పెద్దగా రాదు, కానీ మాన్షన్ అన్న మాట అసలు అర్థానికి చాలా దగ్గరగా వెళ్ళారని తర్వాతెప్పుడో తెలిసింది. లాటిన్‌లో మాన్సియో అంటే ఉండటం, ఆగడం. రోమన్ల రహదారుల మీద ప్రభుత్వ పనిమీద తిరిగేవాళ్ళు రాత్రికి ఆగే విడిదికీ అదే పేరు. డబ్బున్నవాళ్ళ పెద్ద ఇల్లన్నది ఆ తర్వాత అబ్బిన అర్థం. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో యోహాను సువార్త 14వ అధ్యాయంలో తండ్రి ఇంట మాన్షన్లు ఉన్నాయని వస్తుంది, మన తెలుగు బైబిల్లో అక్కడ "నివాసములు" అనే ఉంది, ఎంత చక్కని అనువాదమో చూడండి. మన మజిలీ కూడా ఇలాంటి మాటే: దాని మూలమైన అరబ్బీ మంజిల్‌కు ప్రయాణంలో దిగే చోటని అర్థం, ఉర్దూలోకొచ్చేసరికి అదే పెద్ద పెద్ద ఇళ్ళ పేర్ల చివర చేరింది.

అందుకని మాన్షన్‌ను మాన్షన్‌గానే ఉంచి, పక్కనే మంచాల సంగతి చెప్పేయండి: "ట్రిప్లికేన్‌లో ఒక మాన్షన్‌లో ఇంకో ఇద్దరితో కలిసి గది తీసుకున్నాడు." లాడ్జి అని మాత్రం రాయకండి, లాడ్జి అంటే రోజు అద్దె, ఊరికి పనిమీద వచ్చినవాడైపోతాడు.