బాలింతల ఇన్ఫెక్షన్ల మీద రీసెర్చ్: ముందు ఏ ప్రశ్న పెట్టాలి?

నైట్‌డ్యూటీ:
వనరులు అంతంతమాత్రంగా ఉండే ఆసుపత్రుల్లో గర్భిణులకీ బాలింతలకీ వచ్చే ఇన్ఫెక్షన్ల మీద ఏం రీసెర్చ్ చెయ్యాలో తేల్చే గ్రూపులో నన్నూ వేశారు, నేను నర్సుని, మిగతా అందరూ ప్రొఫెసర్లే. వచ్చిన ప్రశ్నల్లో సగం కొత్త టెస్టులు, కొత్త మందులు. వార్డులో చూస్తే ఏ చార్టు తిప్పినా శ్వాస రేటు 20 అనే ఉంటుంది, లెక్కపెట్టేవాళ్లు లేరు (నేనూ అలా రాసిన రోజులున్నాయి, అబద్ధమెందుకు). ఇది రీసెర్చ్ ప్రశ్న అంటే నవ్వుతారేమోనని ఆగిపోయా.

పాతకాపు:
నవ్వితే నవ్వనీండి సిస్టర్, అసలు ప్రశ్న అదే. సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం కదా, దాని మీద మలావీ, ఉగాండాల్లో చేసిన ఏపీటీ-సెప్సిస్ ట్రయల్ చూడండి, 2025లో వచ్చింది, కొత్త మందేం లేదు, చేతులు శుభ్రంగా కడుక్కోవడం, సెప్సిస్‌ని తొందరగా పట్టుకోవడం (మీ శ్వాస లెక్క అవసరమయ్యేది ఇక్కడే), పట్టుకున్నాక సెలైన్, యాంటీబయాటిక్ ఆలస్యం చెయ్యకపోవడం, అంతే. ఇన్ఫెక్షన్ వల్ల చావులు, తీవ్రమైన జబ్బు కలిపి మూడో వంతు దాకా తగ్గాయి. చేతులు కడగమని సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు 1847లోనే చెప్పాడు, మనం ఇంకా అది ఎలా చేయించాలా అని ట్రయల్స్ చేస్తున్నాం!

మాత్రబిళ్ల:
మందుల్ని అంత తీసిపారేయకండి సార్. నొప్పుల టైంలో 2 గ్రాముల అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క డోసు ఇస్తే తల్లికి సెప్సిస్ లేదా మరణం 2.4 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది, 7 దేశాల్లో 29 వేల మంది మీద చూశారు, 2023లో వచ్చింది. బిడ్డలకి మాత్రం తేడా లేదు. కాకపోతే అందరికీ ఇచ్చుకుంటూ పోతే రేపు ఆ మందు పనిచేస్తుందా? కల్చర్ చేసే (క్రిముల్ని పెంచి ఏ మందుకి లొంగుతాయో చూసే) ల్యాబే లేనిచోట రెసిస్టెన్స్, అంటే క్రిములు మందుకి లొంగకపోవడం, పెరిగిందని తెలిసేదెలా? నా ఓటు ఆ ప్రశ్నకి.

లెక్కలపిచ్చి:
ఇద్దరూ ఆసుపత్రి గోడల మధ్యే తిరుగుతున్నారు. డిశ్చార్జ్ అయ్యి ఇంటికెళ్లాక ఆరో రోజు కుట్ల దగ్గర చీము పట్టి, జ్వరమొచ్చి మళ్లీ రాలేకపోయినామె ఏ లెక్కలో ఉంది? 2017లో 52 దేశాల్లో వారం పాటు తల్లుల ఇన్ఫెక్షన్ల మీద చేసిన గ్లాస్ (GLOSS) స్టడీ కూడా ఆసుపత్రిలో ఉన్నవాళ్లనే లెక్కేసింది. ఇంకోటి, సిస్టర్, ఆ ప్రశ్నలకి మార్కులు వేసేది ఎవరో అడగండి. రీసెర్చ్ ప్రశ్నల్లో ఏది ముందో తేల్చే సీహెచ్‌ఎన్‌ఆర్‌ఐ (CHNRI) పద్ధతి అయితే జవాబు దొరుకుతుందా, అమలవుతుందా, పేదవాళ్లకి అందుతుందా అని విడివిడిగా మార్కులుంటాయి, కానీ వేసేవాళ్లంతా రీసెర్చర్లే అయితే ల్యాబు ప్రశ్నలే పైకొస్తాయి. జబ్బు పడి లేచిన తల్లుల్ని ఇద్దరు ముగ్గుర్నైనా కూర్చోబెట్టమనండి.

నైట్‌డ్యూటీ:
థ్యాంక్సండీ. ఇలా రాసి పంపా: "శ్వాస లెక్కపెట్టకపోవడానికి కారణం టైం లేకా, మనుషులు లేకా, లెక్కపెట్టినా ఎవరూ పట్టించుకోరనా?" పంపాక గుర్తొచ్చింది, మా వార్డులో గడియారానికి సెకన్ల ముల్లు ఊడిపోయి చాలా రోజులైంది.